లేత వైన్, మాగిన వైన్: ఏ సీసా ఎప్పుడు తెరవాలి

అందరికీ నమస్కారం. లియాన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఇంతమంది ఒక గదిలో చేరేది ఉగాదికో, దీపావళికో. వైన్ గురించి వినడానికి కూడా ఇంతమంది వచ్చారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. నేను ఈ ఊళ్లోనే ఒక వైన్ దుకాణంలో పనిచేస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. రోజూ కౌంటర్ దగ్గర ఐదు నిమిషాల్లో చెప్పే సంగతులు ఈ సాయంత్రం కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు గ్లాసుల సంగతి. ఒక్కొక్కరి ముందు ఐదు గ్లాసులున్నాయి. పక్కన చిన్న డబ్బా ఉంది. అది ఉమ్మడానికి. ఇక్కడ వైన్ తయారుచేసేవాళ్లు పొద్దున పది గంటలకే పని మీద రుచి చూస్తారు, చూసి ఉమ్మేస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు. కారు నడపాల్సినవాళ్లు ప్రతి గుక్కా ఉమ్మేయండి. అసలు తాగని వాళ్లు కూడా గ్లాసు పక్కన పెట్టేయకండి, వాసన చూడండి. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే.

దుకాణానికి వచ్చే మనవాళ్లు సీసా చేతిలోకి తీసుకోగానే మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "దీన్ని ఎన్నేళ్లు దాచొచ్చండీ?" అని. ఎంత పాతదైతే అంత గొప్పది అని మనసులో నాటుకుపోయింది. నేను చెప్పే జవాబు వాళ్లకి అంతగా నచ్చదు. ఫ్రాన్స్‌లో తయారయ్యే వైన్‌లో చాలా ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికే తయారవుతుంది. దాచితే అది మెరుగుపడదు, నీరసపడుతుంది. కొన్ని వైన్లు మాత్రం పదేళ్లు, ఇరవై ఏళ్లు, అరవై ఏళ్లు మాగి, లేతగా ఉన్నప్పుడు ఎవరూ ఊహించని రూపం తీసుకుంటాయి. ఈ రెంటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కాదు. లేత వైన్ ఇచ్చే ఆనందం వేరు, మాగిన వైన్ ఇచ్చే ఆనందం వేరు. ఏ సీసాని ఏ వయసులో తెరవాలో, తెరిచాక దాని దగ్గర ఏం వెతకాలో తెలిస్తే డబ్బూ వృథా కాదు, వైనూ వృథా కాదు.

మొదటి గ్లాసు తీసుకోండి. కాడ పట్టుకోండి, గిన్నె పట్టుకుంటే చేతి వేడి తగులుతుంది. కింద తెల్ల కాగితం పెట్టాను, దాని మీదకి గ్లాసు కొంచెం వంచి అంచు రంగు చూడండి. ఊదా కలిసిన ఎరుపు, అంచు దాకా మెరుస్తోంది. ఇది మోర్గోన్. ఈ గది నుంచి ఉత్తరంగా గంటలోపు ప్రయాణం. బోజొలే ప్రాంతంలో ప్రత్యేకంగా పేరు పొందిన ఊళ్లు, కొండవాలులు పది ఉన్నాయి. వాటిని క్రూలు అంటారు. మోర్గోన్ వాటిలో ఒకటి. ద్రాక్ష రకం గామే. సీసాలో ఉన్నది రెండేళ్ల కిందటి పంట.

ఇప్పుడు గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత నెమ్మదిగా తిప్పి మళ్లీ చూడండి. తేడా తెలుస్తోందా? తిప్పినప్పుడు గాలి తగిలి వాసనలు పైకి లేస్తాయి. చెర్రీ, రాస్ప్‌బెర్రీ, ఇంకొంచెం లోపలికి వెళ్తే వయొలెట్ పువ్వు. రాస్ప్‌బెర్రీ చిన్నప్పుడు తినలేదు కదా, ఆ వాసన మాకెలా తెలుస్తుంది అని కొందరు ఇబ్బంది పడతారు. పడకండి. నేరేడు పండు గుర్తొస్తే నేరేడు అని రాసుకోండి. ఫ్రెంచివాళ్ల పదాల పట్టీ బట్టీ పట్టనక్కర్లేదు. మీ ముక్కుకి ఏది గుర్తొచ్చిందో అదే మీకు పనికొచ్చే గుర్తు. వచ్చే నెల ఇదే వైన్ తాగినప్పుడు మళ్లీ నేరేడే గుర్తొస్తే మీరు రుచి చూడటం నేర్చుకున్నట్టే.

ఒక గుక్క నోట్లోకి తీసుకుని వెంటనే మింగకండి. నాలుక అంతా తడిసేలా తిప్పండి. చురుకైన పులుపు ఉంది. వగరు చాలా తక్కువ. ఇందుకు గామే తొక్క ఒక కారణం, తయారుచేసే పద్ధతి ఇంకో కారణం. బోజొలేలో గుత్తుల్ని చితక్కుండా, కాడలతో సహా తొట్టిలో వేస్తారు. తొట్టి నిండా కార్బన్ డయాక్సైడ్ చేరి, ఆక్సిజన్ లేక ప్రతి పండూ తన లోపల తానే పులియడం మొదలుపెడుతుంది. దానివల్ల పండు వాసన బాగా వస్తుంది, తొక్కలో వగరునిచ్చే టానిన్ అంతగా దిగదు. నవంబర్ మూడో గురువారం ఊరంతా పోస్టర్లు వేసి అమ్మే బోజొలే నూవో ఈ పద్ధతికి అతి లేత రూపం. సెప్టెంబర్‌లో చెట్టు మీద ఉన్న పండు నవంబర్‌కి గ్లాసులో ఉంటుంది. దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను చూడను. కొత్త పంట వచ్చిందని నలుగురూ కలిసి తాగే వైన్ అది, ఆ పని అది చక్కగా చేస్తుంది. క్రిస్మస్ దాటాక దాన్ని దాచిపెట్టడమే తప్పు.

ఈ గామే మీద ఒకప్పుడు పెద్ద కోపమే ఉండేది. 1395లో, ఇక్కడికి ఉత్తరాన ఉన్న బుర్గోన్ ప్రాంతపు డ్యూక్ ఫిలిప్ గామే మొక్కల్ని తన భూముల నుంచి పీకేయమని ఆజ్ఞ జారీ చేశాడు. అది చెడ్డదీ, నమ్మకం లేనిదీ అని ఆ శాసనంలో రాయించాడు. ఆయనకి నచ్చిన పినో నువార్ ద్రాక్షకి చోటు కావాలి. గామే అలా దక్షిణానికి, ఈ గ్రానైట్ కొండల మీదకి చేరి ఇక్కడ స్థిరపడింది. సున్నపు రాయి నేల మీద పల్చగా, పీచుగా వచ్చిన ద్రాక్ష ఈ రాతి మీద ఎంత బాగా పండుతుందో రెండో గ్లాసు చెబుతుంది.

రెండో గ్లాసు కూడా మోర్గోనే. అదే రైతు, అదే కోత్ ద్యు పీ కొండ. ఇది పదేళ్లు దాటిన పంట. అంచు చూడండి. ఊదా పూర్తిగా పోయింది, ఇటుక రంగు వచ్చింది. వాసన చూడండి. తాజా చెర్రీ ఏది? కాస్త ఎండిన పండుగా మారిపోయింది. దాని పక్కన వాన పడ్డాక అడవిలో రాలిన ఆకుల వాసన, పుట్టగొడుగులు, కొద్దిగా తోలు వాసన. నోట్లో చూస్తే మొదటి దానికంటే మెత్తగా ఉంది, మింగాక ఎక్కువసేపు నిలిచింది. పదేళ్లు దాటిన మోర్గోన్ పినో నువార్‌కి దగ్గరగా వస్తుందని ఆ ఊరివాళ్లే అంటారు. డ్యూక్ గారు వెళ్లగొట్టిన ద్రాక్ష, వయసు మీద ఆయన ముద్దుచేసిన ద్రాక్షలా తయారవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ఈ పదేళ్లలో సీసా లోపల ఏం జరిగింది? ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. ఎర్ర వైన్‌కి రంగు ఇచ్చేవి తొక్కలోని ఆంథోసయనిన్లు. వగరు ఇచ్చేవి తొక్క, గింజ, కాడల నుంచి వచ్చే టానిన్లు. పచ్చి వక్క నమిలినప్పుడు నోరు పీక్కుపోయినట్టు అవుతుంది కదా, నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్దో ప్రాంతపు ఎర్ర వైన్ లేతగా తాగితే అయ్యేది అదే. లాలాజలంలోని ప్రొటీన్లతో టానిన్లు కలిసిపోతాయి, నోటికి జారుడు పోతుంది. కాలం గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కూడా కలిసి పెద్ద అణువులవుతాయి. వాటిలో కొన్ని ఇక ద్రవంలో ఉండలేక అడుగుకి దిగుతాయి. పాత సీసా అడుగున కనిపించే మడ్డి అదే. అది కల్తీ కాదు, పాడైపోయిన గుర్తూ కాదు. అందుకే ఎర్ర వైన్ వయసు పెరిగేకొద్దీ రంగు తగ్గుతుంది, వగరు మెత్తబడుతుంది. ఇంకో పక్క, లేత పండు వాసనలిచ్చే ఎస్టర్లలో చాలా భాగం నెమ్మదిగా విడిపోతాయి. అవి తప్పుకున్న చోట అడుగున అణగి ఉన్న వాసనలు బయటికొస్తాయి. బిరడా గుండా అతి కొద్దిగా వెళ్లే ఆక్సిజన్ కూడా ఈ మార్పుల్లో తన వంతు పని చేస్తుంది.

ఇంతా జరగాలంటే మొదట్లోనే సరుకుండాలి. పులుపు, టానిన్, తీపి, గాఢత, వీటిలో కొన్నయినా గట్టిగా ఉన్న వైనే వయసుని తట్టుకుంటుంది. సూపర్‌మార్కెట్‌లో 5 యూరోల సీసా కొని పదేళ్లు అలమారలో పెడితే పదేళ్ల వైన్ కాదు, ప్రాణం పోయిన వైన్ దొరుకుతుంది.

మూడో గ్లాసుకి వెళ్దాం. ఇది తెల్లది. కానీ రంగు చూస్తే ముదురు బంగారం. ఎర్ర వైన్ వయసుతో రంగు కోల్పోతే, తెల్ల వైన్ వయసుతో రంగు పెంచుకుంటుంది. ఇది వూవ్రే, లువార్ నది ఒడ్డున తూర్ పట్టణం పక్కనుంది ఆ ఊరు. ద్రాక్ష పేరు షెనాన్. అక్కడి మెత్తటి సున్నపు రాయిని తొలిచి చేసిన గుహల్లో సీసాలు నిలవ చేస్తారు. ఏడాది పొడుగునా చల్లగా ఉండే గుహలవి. ఈ సీసా ఇరవై ఏళ్లు దాటినది, కొద్దిగా తీపి ఉన్న దెమీ-సెక్ రకం.

వాసనలో తేనె, మాగిన క్విన్స్ పండు, కాస్త తడి ఉన్ని. ఉన్ని అనగానే కొందరి మొహాలు మారాయి. మళ్లీ చూడండి, అందులో ఏమీ అసహ్యం లేదు. ఇప్పుడు తాగి చూడండి. తీపి ముందు పలకరిస్తుంది, వెంటనే పులుపు వచ్చి నోరంతా శుభ్రం చేసి వెళ్లిపోతుంది. ఆ పులుపే ఈ వైన్‌ని ఇంతకాలం నిలబెట్టింది. తెల్ల వైన్‌లో టానిన్ దాదాపు లేదు కాబట్టి వెన్నెముక పులుపే. 1947 వూవ్రే సీసాలు ఇప్పటికీ ప్రాణంతో ఉన్నాయని పేరు. అదే షెనాన్‌ని లేతగా తాగితే ఆపిల్, నిమ్మ, ఒక్కోసారి పళ్లు పులిసేంత పులుపు. లేత వూవ్రేలో ఈ తేనె వాసన వెతికితే నిరాశే. మాగిన వూవ్రేలో పచ్చి ఆపిల్ కరకర వెతికినా నిరాశే.

అన్ని తెల్ల వైన్లూ ఇలా మాగవు. సాన్సెర్ లాంటి సొవీన్యోన్ బ్లాన్ వైన్లు చాలావరకు ఆ తాజా వాసన కోసమే, మొదటి మూడు నాలుగేళ్లలోనే తాగడం మంచిది. ప్రొవాన్స్ రోజేలు ఆ ఎండాకాలానివే. బుర్గోన్ తెల్లవాటి కథ కొంచెం బాధ పెట్టేది. పదిహేనేళ్లు నిలుస్తాయని నమ్మి దాచిన ఖరీదైన షార్డనే వైన్లు, 1990ల మధ్య పంటల నుంచి, ఆరేడేళ్లకే గోధుమ రంగుకి తిరిగి, వాడిపోయిన ఆపిల్ వాసన కొట్టడం మొదలైంది. బిరడాలు, పిండే పద్ధతులు, సల్ఫర్ తగ్గించడం, ఇలా చాలా కారణాలు చర్చకి వచ్చాయి. తయారీదారులు పద్ధతులు మార్చుకున్నారు. అయినా బుర్గోన్ తెల్లవి మరీ ఎక్కువ కాలం దాచకండి అనే నేను ఇప్పటికీ చెబుతున్నాను.

రంగు గురించి ఇంతసేపు మాట్లాడాను కాబట్టి ఒక ప్రయోగం గురించి కూడా చెప్పాలి. బోర్దోలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి ఒక తెల్ల వైన్, అదే తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇంకొకటి ఇచ్చారు. రంగు కలిపిన దాన్ని వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. 2001లో ఆ ఫలితాలు ప్రచురించారు. వైన్ రుచి అంతా బూటకం అని చెప్పడానికి కొందరు దీన్ని వాడుకుంటారు. నేను అలా అనుకోను. కన్ను ముక్కుకి ముందే సమాధానం చెప్పేస్తుంది, అదీ ఆ ప్రయోగం చూపింది. అందుకే ఇంట్లో స్నేహితులతో రుచి చూసేటప్పుడు సీసాకి కాగితం చుట్టేయండి. లేబుల్ కనిపిస్తే ధర గుర్తొస్తుంది, ధర గుర్తొస్తే నాలుక మాట వినదు.

నాలుగో గ్లాసు. దీని దగ్గర కొంచెం ఓపిక పట్టాలి. కొర్నాస్. ఈసారి దక్షిణానికి, రోన్ నది వెంట వాలెన్స్ దాకా వెళ్లాలి. నిటారు గ్రానైట్ వాలుల మీద పండే సిరా ద్రాక్ష, ఇంకేదీ కలపరు. ఇది మూడేళ్లది. కాటుక లాంటి రంగు. వాసనలో మిరియాలు తెలుస్తున్నాయా? అది ఊహ కాదు. మిరియాల్లో ఉండే రోటన్‌డోన్ అనే పదార్థమే సిరా తొక్కలో కూడా ఉంటుంది. కొంతమందికి ఈ పదార్థం వాసన అసలు తెలియదు, కాబట్టి పక్కవాళ్లకి తెలిసి మీకు తెలియకపోతే కంగారు పడకండి.

తాగి చూడండి. వగరు పట్టేసింది కదా! పండు ఎక్కడో లోపల ఉంది గానీ తలుపు తెరవడం లేదు. వైన్ మంచిదే, మనమే తొందరపడ్డాం. ఈ వయసులో ఇలాంటి వైన్లు ముడుచుకుపోతాయి. సీసాలోకి ఎక్కిన మొదటి ఏడాది పండు వాసనతో ఘుమఘుమలాడి, ఆ తర్వాత కొన్నేళ్లు ఏమీ చెప్పకుండా కూర్చుంటాయి. ఫ్రెంచివాళ్లు దాన్ని మూసుకుందంటారు. బోర్దో, ఎర్మితాజ్, మంచి బుర్గోన్ అన్నిటికీ ఈ దశ ఉంది. చాలామంది ఖరీదైన సీసా కొని సరిగ్గా ఈ దశలో తెరిచి, ఇంత డబ్బు పెట్టింది దీనికా అని బాధపడతారు. నా అనుభవంలో గొప్ప వైన్ మీద విరక్తి పుట్టేది ఇక్కడే. నాలుగేళ్ల ఖరీదైన బోర్దో కంటే ఎనిమిదేళ్ల మోర్గోన్ ఎన్నో రెట్లు సంతోషపెడుతుంది. ధర కూడా అందులో చిన్న భాగమే.

ఈ గ్లాసు పక్కన పెట్టండి, అరగంట తర్వాత మళ్లీ చూద్దాం. గాలి తగిలితే కొంత విచ్చుకుంటుంది. లేత వైన్‌ని జగ్గులోకి ఒంపడం ఇందుకే, రెండు గంటల ముందైనా ఫరవాలేదు. పాత వైన్‌ని ఒంపడం మాత్రం మడ్డి వేరు చేయడానికి. సీసాని ఒక రోజు ముందే నిలువుగా నిలబెట్టి, తాగే ముందు నెమ్మదిగా ఒంపి, మడ్డి మెడ దగ్గరకి రాగానే ఆపేయాలి. ముప్పై ఏళ్ల వైన్‌ని లేతదానిలా గాలికి వదిలేస్తే, మిగిలి ఉన్న నాజూకైన వాసన కాస్తా గంటలో ఎగిరిపోతుంది.

కొర్నాస్‌కి ఎగువన, తాన్ ఊరి వెనక ఎర్మితాజ్ కొండ ఉంది. వాలెన్స్ వెళ్లే రైలు కిటికీలోంచి మీరు చూసే ఉంటారు. కొండంతా కలిపి 140 హెక్టార్లు కూడా లేదు. 18, 19వ శతాబ్దాల్లో బోర్దో వ్యాపారులు తమ వైన్‌కి బలం చాలకపోతే ఈ కొండ వైన్ తెప్పించి కలిపేవారు. అలా కలిపినదాన్ని దాచకుండా చెప్పే అమ్మేవారు, దానికి గిరాకీ కూడా ఎక్కువే. బోర్దో అనగానే మీకు 1855 వర్గీకరణ గుర్తొస్తుంది. పారిస్ ప్రదర్శన కోసం దళారులు అప్పటి ధరల్ని బట్టి బోర్దోలోని మెదొక్ ప్రాంతపు వైన్లని ఐదు తరగతులుగా రాసిన జాబితా అది. పక్కనున్న గ్రావ్ ప్రాంతం నుంచి ఓ-బ్రియాన్ అనే తోట ఒక్కటే అందులో చేరింది. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్‌ని పై తరగతికి ఎక్కించడం తప్ప పెద్దగా మార్పు లేదు. పేర్లు తెలుసుకోవడానికి బాగుంటుంది, ఏ సీసా ఎప్పుడు తెరవాలో ఆ జాబితా చెప్పదు. అంతకంటే ద్రాక్ష తెలుసుకోవడం మంచిది. బోర్దోలో నదికి ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేలలో కాబెర్నే సొవీన్యోన్ ఎక్కువ, వగరు ఎక్కువ, ఓపిక కావాలి. కుడి ఒడ్డున, సాంతెమిలియోన్, పొమెరోల్ వైపు మెర్లో ఎక్కువ, ఆ వైన్లు సాధారణంగా ముందుగా మెత్తబడతాయి.

ఈ లెక్కలన్నీ ఇప్పుడు కొంచెం మారుతున్నాయి. బుర్గోన్‌లోని బోన్ పట్టణంలో 1354 నుంచి 2018 వరకు ద్రాక్ష కోతలు మొదలైన తేదీలని పాత రికార్డుల నుంచి పోగుచేసి 2019లో ప్రచురించారు. 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకి జరిగింది. పండు బాగా ముగ్గుతోంది, ఆల్కహాల్ పెరుగుతోంది, పులుపు తగ్గుతోంది. దానివల్ల ఈ రోజు లేత వైన్ ఒకప్పటి లేత వైన్ అంత గరుకుగా ఉండదు, ముందే తాగబుద్ధవుతుంది. పులుపు తగ్గినవి వాళ్ల తాతల వైన్లంత కాలం నిలుస్తాయా అని తయారీదారులే ఆందోళన పడుతున్నారు. ఆ ఆందోళన నాకూ ఉంది.

షాంపేన్ గురించి ఒక్క మాట, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా వృథా అయ్యేది అదే. ఎవరో బహుమతిగా ఇస్తారు, పెద్ద సందర్భం కోసమని దాస్తాం, అమ్మాయి పెళ్లికి తెరిస్తే బుడగ ఉండదు. సంవత్సరం వేయని మామూలు షాంపేన్ కనీసం 15 నెలలు తయారీదారు నేలమాళిగలో ఉండి, తాగడానికి సిద్ధమయ్యే బయటికొస్తుంది. మంచి సంస్థలు ఇంకా ఎక్కువ కాలమే ఉంచుతాయి. కొన్న రెండు మూడేళ్లలో తాగేయండి. శనివారం సాయంత్రం కూడా సందర్భమే.

ఇప్పుడు ఐదోది. పరిమాణం తక్కువ పోశాను, ఇది తీపి వైన్. సోటెర్న్. బోర్దోకి దక్షిణాన సిరోన్ అనే చిన్న చల్లటి వాగు గారోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో అక్కడ పొద్దున్నే మంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికి బాట్రైటిస్ అనే బూజు ద్రాక్ష మీద పడుతుంది. ఎండ రాకపోతే ఆ బూజు పంటని కుళ్లబెట్టేది. ఎండ వస్తుంది కాబట్టి తొక్కకి కంటికి కనిపించని చిల్లులు పడి, లోపలి నీరు ఆవిరైపోయి, చక్కెర, పులుపు, వాసన చిక్కబడతాయి. అన్ని పండ్లకీ ఒకేసారి పట్టదు, కాబట్టి మనుషులు ఒకే తోటలోకి మళ్లీమళ్లీ వెళ్లి, పట్టిన పండ్లనే ఏరి కోస్తారు. అక్కడ అన్నిటికంటే పేరున్న తోట షాతో దికెమ్‌లో ఒక ద్రాక్ష తీగ నుంచి ఒక్క గ్లాసు వైన్ వస్తుందంటారు. పంట సరిగా రాని ఏడాది వాళ్లు ఆ పేరు మీద తీపి వైన్ అసలు వేయరు. 2012లో వేయలేదు.

మీ గ్లాసులోది పదిహేనేళ్లది, పేరున్న పెద్ద తోటది కాదు. రాగి రంగుకి తిరుగుతోంది. ఎండు ఆప్రికాట్, నారింజ తొక్క, కుంకుమపువ్వు. ఇందులో చక్కెర లీటరుకి 120 గ్రాములకి పైనే ఉంటుంది, అయినా వెగటు రాలేదు చూడండి. పులుపు ఆ పని చేస్తోంది. లేతప్పుడు ఇదే వైన్ అనాస, తేనె, వెనిలా వాసనలతో ఉంటుంది, అదీ చాలా బాగుంటుంది. లేతప్పుడూ మాగినప్పుడూ రెండు చోట్లా మెప్పించే వైన్లు తక్కువ. సోటెర్న్ వాటిలో ఒకటి, మధ్యలో ముడుచుకుపోయే గొడవ కూడా దీనికి అంతగా లేదు. మొదటిసారి పాత వైన్ కొనాలనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ సోటెర్న్ సగం సీసా చెబుతాను. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మంచివి కూడా అందుబాటు ధరల్లో దొరుకుతున్నాయి.

కొర్నాస్ మళ్లీ చూడండి. విచ్చుకుందా? ఇందాకటి కంటే నల్ల ఆలివ్, బ్లాక్‌బెర్రీ తెలుస్తున్నాయి. వగరు అక్కడే ఉంది. ఇంకో ఏడేళ్లు.

సరే, ప్రశ్నలడగండి.

మన భోజనంతో ఏది తాగాలని అడిగారు. కారానికి టానిన్, ఆల్కహాల్ రెండూ శత్రువులు. మిరపకాయ మంటని రెండూ పెంచుతాయి. కొర్నాస్, బోర్దో లాంటివి ఆంధ్రా కోడికూరతో తాగితే నోరు మండిపోతుంది, వైన్ చేదెక్కుతుంది. ఇందాకటి వూవ్రే లాంటి, కొద్ది తీపి, గట్టి పులుపు ఉన్న లేత వైన్ చల్లగా పెట్టి తాగండి. గోంగూర మాంసంలో పులుపు ఎక్కువ కాబట్టి పులుపు తక్కువున్న వైన్ దాని పక్కన చప్పగా అయిపోతుంది, వూవ్రే నిలబడుతుంది. ఎర్రదే కావాలంటే మొదటి గ్లాసు మోర్గోన్, 13 డిగ్రీలకి చల్లబరిచి. మాగిన వైన్లు మాత్రం మన మసాలా ముందు పెట్టకండి. మామూలుగా కాల్చిన కోడి, ఒక ముక్క కోంతే చీజ్ చాలు వాటికి.

ఎర్ర వైన్ గది వేడిలో తాగాలంటారు కదా అని ఒకరు. ఆ మాట వచ్చింది ఇళ్లకి హీటర్లు లేని రోజుల్లో, అప్పటి గది 16, 17 డిగ్రీలు. జులైలో మన ఫ్లాట్ 28. వేసవిలో ఏ ఎర్ర వైనైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, సిగ్గుపడకండి.

వెనక వరసలోంచి అడిగిన ప్రశ్న, సీసా పాడైందని ఎలా తెలుస్తుంది? తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గది వాసన వస్తే బిరడా దోషం. టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. పండు వాసనని చంపేస్తుంది. గాలికి పోదు, అందులో మీ తప్పూ లేదు, రెస్టారెంట్‌లో అయితే వెనక్కి పంపండి. దుకాణంలో కొన్నదైతే తీసుకురండి.

దాచడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు. 12, 13 డిగ్రీలు, వెలుతురు లేని చోటు, బిరడా తడిగా ఉండేలా సీసా పడుకోబెట్టాలి. ఎక్కువ వేడి చేటు, అది రోజూ పెరిగి తగ్గడం కూడా చేటే. మీ అపార్ట్‌మెంట్‌కి కింద నేలమాళిగ గది ఉంటే అదృష్టవంతులు, వాడుకోండి. సెప్టెంబర్‌లో సూపర్‌మార్కెట్లలో వైన్ సంతలు జరుగుతాయి కదా, అప్పుడు మోర్గోనో, బోజొలేలోనే ఇంకో క్రూ అయిన మూలాన్-ఆ-వానో ఒకటే రకం ఆరు సీసాలు కొని, ఏడాదికొకటి తెరవండి. ప్రతిసారీ రెండు ముక్కలు రాసుకోండి. ఈ గదిలో గంటన్నర వినడం కంటే అది ఎక్కువ నేర్పుతుంది.

చివరి ప్రశ్న, హైదరాబాద్‌లో మావయ్యగారికి పాత బోర్దో తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లొచ్చు, ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు, చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. కానీ మరీ పాతది వద్దు, ప్రయాణంలో మడ్డి అంతా కలిసిపోతుంది. ఆరేడేళ్ల సాంతెమిలియోన్ తీసుకెళ్లండి, లేదా సోటెర్న్. చేరాక రెండు వారాలు కదపకుండా ఉంచమనండి. షోకేసులో పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, మే నెలలో ఆ గదిలో ఒక్క వారం చాలు దాన్ని ఉడికించడానికి. ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టి, తాగే గంట ముందు బయటికి తీసి, ఆ సంవత్సరంలోనే తెరవమనండి.